నేలకి స్టిక్కరు బొట్టు

కుంకుమ బరిణె పోయి స్టిక్కరు బొట్టు వచ్చినప్పుడు పెద్దవాళ్ళు నానా యాగీ చేశారు. మనం వినలేదు. మంచిపనే చేశాం. చెమటకి కారదు, దిండుకి అంటదు, బస్సు వేళకి చిటికెలో పెట్టుకుని పరుగెత్తవచ్చు. రాత్రి తీసి అద్దానికి అంటించినా అడిగేవాళ్ళు లేరు. ఆ తర్వాత గడపకి స్టిక్కరు పసుపు కుంకుమ వచ్చింది, గుమ్మానికి స్టిక్కరు తోరణం వచ్చింది, వాకిట్లోకి స్టిక్కరు ముగ్గు కూడా వచ్చేసింది. వాటన్నిటికీ నేను నోరు మూసుకునే వున్నాను. ఎవరి వాకిలి వారిష్టం. కానీ ఇప్పుడు వంటింటి నేలకే స్టిక్కరు వేస్తున్నారు చూడండి, దానికి మాత్రం ఊరుకోలేను.

అదేమిటో ఇంకా ఎరగనివాళ్ళకి రెండు ముక్కలు చెబుతాను. అడుగు పొడుగు, అడుగు వెడల్పు వుండే వినైల్ పలక అది. వినైల్ అంటే గొప్ప పేరే గాని, వుత్త ప్లాస్టిక్కే. మందం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. వెనకవైపు జిగురు, జిగురు మీద కాగితం. కాగితం ఊడదీయడం, నేలకి అంటించడం, అంతే. మేస్త్రీ అక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు, ఇసక అక్కర్లేదు. 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడుగు వుండే వంటింటికి 80 పలకలు, కోతల్లో పోయేవాటికి ఇంకో 8. మొత్తం 88 పలకలతో మీ వంటిల్లు చలవరాతి మహలైపోతుందని మాట. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెడితే సాయంత్రం కాఫీ వేళకి పని పూర్తి అని ఫోన్లో చూపిస్తారు.

ఆ ఫోన్లో చూపించే వంటిల్లు ఎప్పుడైనా నిదానంగా చూశారా? ఒక అందమైన చెయ్యి, గోళ్ళకి రంగు, ఆ చెయ్యి పలకని అలా తీసి ఇలా అంటిస్తుంది. వెనకాల వీణ వాయిద్యం. ఆ వంటింట్లో గ్యాసు సిలిండరు కనపడదు. సింకు కింద బకెట్టు వుండదు. మూలన బియ్యం డబ్బా వుండదు, దాని కింద చీమల బారు వుండదు. పప్పులో పోపు పెట్టిన ఆనవాలే లేదు. అసలు ఆ ఇంట్లో ఎవరూ అన్నం తింటున్నట్టే లేదు. అన్నం వండని వంటింట్లో ఏ నేలైనా బాగానే వుంటుంది తల్లీ! గచ్చు నేల మీద కాగితం పరిచినా పదేళ్ళుంటుంది.

మన వంటిల్లు అలాంటిదా? మన నేలకి నాలుగు గండాలు. నీళ్ళు, నూనె, వేడి, బరువు.

మొదటిది నీళ్ళు. వంటింటి నేల తుడవడం వేరు, కడగడం వేరు. మనం కడిగే జాతి. శుక్రవారం అయితేనేమి, పండగైతేనేమి, నాలుగు చెంబులు నీళ్ళు గుమ్మరించి చీపురుతో తూములోకి తోస్తే తప్ప మనసుకి శుభ్రమైనట్టుండదు. మరి పలకకీ పలకకీ మధ్య సందు వుంటుంది. 80 పలకలంటే ఎన్ని సందులో లెక్కవేసుకోండి. పై నుంచి నీళ్ళు పలకలోంచి దిగవు, నిజమే. సందుల్లోంచి దిగుతాయి. దిగినవి మళ్ళీ పైకి ఆరవు, ఎందుకంటే పైన మూత వేశాం గదా. జిగురు నానుతుంది, అంచు లేస్తుంది. లేచిన అంచు కింద ఎంగిలి నీళ్ళు, ఆ నీళ్ళ కోసం బొద్దింక. ఇక ఆ వాసన సంగతి నన్నడగకండి.

రెండోది నూనె. గారెలు, బూరెలు, రోజువారీ పోపులు. స్టవ్ గట్టు ముందు రెండడుగుల మేర నేల మీద కంటికి కనపడని జిడ్డు పొర ఒకటి ఎప్పుడూ వుంటుంది. కావాలంటే వట్టి వేలితో రాసి చూడండి. జిగురుకి జిడ్డు జన్మశత్రువు. తలకి నూనె రాసుకున్న పిల్లకి నుదుట స్టిక్కరు బొట్టు నిలిచిందా ఎప్పుడైనా?

మూడోది వేడి. గట్టు మీద చోటు చాలకపోతే మనం ఏం చేస్తాం? గంజి వార్చిన గిన్నె, పాలగిన్నె, కుక్కరు, అన్నీ నేల మీదికి దింపుతాం. కుక్కరు లోపలి ఆవిరి 120 డిగ్రీల దాకా వెళుతుంది. బండ దాన్ని లెక్కచేయదు. ప్లాస్టిక్కు మెత్తబడుతుంది, ముడుచుకుంటుంది, గుండ్రటి మచ్చ శాశ్వతంగా మిగిలిపోతుంది. ఆ మచ్చ చూపించి ఎవర్ని అంటారో నేను చెప్పక్కర్లేదు. "చూసుకుని దింపొచ్చు గదా!" అని మనల్నే.

నాలుగోది బరువు. ఇంట్లో వాడే సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు. ఇనుముతో కలిపి దాదాపు 30 కిలోలు. దాన్ని భుజాన ఎత్తుకుని తెచ్చి పువ్వులా దింపే మహానుభావుడు మీ వీధికి వస్తాడేమో నాకు తెలియదు. ఎక్కడైనా అడుగంచు మీద దొర్లించడమో, ఈడ్చడమో. రెండు మిల్లీమీటర్ల ప్లాస్టిక్కు ఆ ఇనప అంచుకి ఎన్నాళ్ళు ఆగుతుంది? గ్రైండరు జరిపినా అంతే, ఫ్రిజ్జు జరిపినా అంతే.

న్యాయం చెప్పాలంటే ఈ వస్తువు చెడ్డది కాదు. దాని పుట్టిల్లు వేరు. 1860ల్లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆయన అవిసెనూనె, బెండుపొడి కలిపి గోనెగుడ్డ మీద పరిచి లినోలియం చేశాడు. చెక్క నేలల మీద పరవడానికి అది చవగ్గా దొరికే చాపలాంటిది. 1926లో అమెరికాలో వాల్డో సీమన్ అనే శాస్త్రవేత్త గట్టి పీవీసీని మెత్తబరిచే కిటుకు కనిపెట్టాడు. 1933లో షికాగో ప్రదర్శనలో వినైల్ కలిసిన నేలపలకలు జనానికి చూపించారు. అక్కడి వంటిల్లు తడిగుడ్డతో తుడిచే వంటిల్లు. నేల మీద తూము వుండదు, నేల మీద కూచుని కత్తిపీట ముందేసుకుని కూరలు తరిగేవాళ్ళుండరు. చల్లటి చెక్క నేల మీద కాళ్ళకి కాస్త మెత్తగా, వెచ్చగా వుండాలని వాళ్ళు వేసుకున్నారు. వాళ్ళ అవసరం వాళ్ళది. అత్తవారింట్లో గొప్పగా వెలిగే కోడల్ని తీసుకొచ్చి మనింట్లో రోలు దగ్గర కూచోబెడితే ఆ పిల్ల తప్పు కాదు గదా!

అమెరికాలో వున్న మన అమ్మాయిలకి ఇక్కడే ఒక మాట. 1980కి ముందు కట్టిన పాత ఇల్లు కొనుక్కుని, వంటింట్లో 9 అంగుళాల పాత పలకలు కనపడితే, వాటిని గీకి ఊడదీయబోకండి. ఆ రోజుల పలకల్లోనూ, వాటి కింద నల్లటి జిగురులోనూ ఆస్బెస్టాస్ వుండే అవకాశం బాగా వుంది. గీకితే ఆ నార గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ముందు పరీక్ష చేయించండి. అది సరదా పని కాదు.

సరే, ఇప్పుడు అసలు తగువులోకి వస్తాను. వినైల్ మీద నాకు పగేమీ లేదు. మరమ్మతుకి బదులుగా స్టిక్కరు తెచ్చి చేతిలో పెట్టడం మీదనే నా కోపమంతా.

ఎలా జరుగుతుందో చూడండి. సింకు కింద గొట్టం ఏడాదిగా కారుతూ వుంటుంది. బండల మధ్య సిమెంటు రాలి, సందుల్లో చెయ్యి దూరేంత గాడి పడుతుంది. ఒక బండ కాలేస్తే లొటలొటలాడుతుంది. వాటం తప్పి నీళ్ళు తూములోకి పోక గట్టు కింద మడుగు కడతాయి. ఇల్లాలు చెబుతుంది. ఉగాదికి చెబుతుంది, దసరాకి చెబుతుంది. "చూద్దాంలే, మేస్త్రీలు దొరకడం లేదు" అంటారు శ్రీవారు. "పై నెల చూద్దామమ్మా" అంటారు ఇంటివారు. ఆఖరికి ఒకనాడు పెద్ద అట్టపెట్టె దిగుతుంది. "ఇదిగో, నీ వంటింటికి కొత్త ఫ్లోరింగు!" ఆవిడ మొహం వెలిగిపోతుంది. పాపం, ఎందుకు వెలగదు? ఇన్నేళ్ళకి వంటిల్లు అనే గది ఒకటుందని ఎవరికో గుర్తొచ్చింది గదా! కారే గొట్టం అలాగే వుంది. లొటలొటలాడే బండ అలాగే వుంది. పైన మాత్రం పాలరాయి బొమ్మ. పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు ఊరికే అన్నారా?

ఆరు నెలలకి ఏమవుతుంది? కింద బండ కదిలినచోట పైన పలక విరుగుతుంది. గాడి వున్నచోట పలక లోపలికి కుంగి, గాడి గుర్తు పైకి తేలుతుంది. చెమ్మ వున్నచోట అంచు లేస్తుంది. ఆ లేచిన అంచుని తేలిగ్గా తీసుకోకండి. చేతిలో పాలగిన్నె పట్టుకుని నడిచే మనిషి నేల వంక చూసి నడవదు. చూపు తగ్గిన అత్తగారికి ఆ అంచు కనపడదు. డెబ్బై ఏళ్ళ మనిషి వంటింట్లో బోర్లా పడితే తుంటి ఎముక విరుగుతుంది. తుంటి విరిగితే మంచం, ఆపరేషను, నెలల తరబడి మరొకరి చెయ్యి. అంతా అరవీసమెత్తు జిగురు దగ్గర మొదలవుతుంది. అందుకే ఇది అందం గొడవ కాదంటాను.

నాకు తెలిసిన ఒకావిడ ఇంట్లో సరిగ్గా ఇలాగే పలకలు అంటించారు. వర్షాకాలం వెళ్ళేసరికి సింకు ముందు ఆరు పలకలు పడవల్లా తేలాయి. ఆవిడ వాటి మీద గోనెపట్టా పరిచింది. "పట్టా ఎందుకండీ?" అంటే, "పలకలు పాడైపోకుండా" అంది! నేల కోసం పలకలు, పలకల కోసం పట్టా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనే సామెతలో నేల వేరు గాని, అర్థం మాత్రం ఇదే.

నన్ను కాదనేవాళ్ళు చాలామంది వున్నారని తెలుసు. వాళ్ళ మాటలూ విందాం.

"మేం అద్దె ఇంట్లో వున్నామండీ. ఇంటివారు బండలు వేయించరు. మా తంటాలేవో మేం పడుతున్నాం" అంటారు కొందరు. ఇది నిజమైన కష్టం, కాదనను. కానీ తంటా పడే ముందు ఒక్కటి చేయండి. ఏమేం పాడయ్యాయో ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, ఇంటివారికి ఇవ్వండి. నోటితో చెప్పినది గాలికి పోతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షనులో ఒక మాట వుంది. యజమాని చేయవలసి వున్న మరమ్మతుని, ఆయనకి తెలియజేసిన తర్వాత కూడా తగిన గడువులో చేయకపోతే, అద్దెకున్నవారు తామే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే ఆ రాసుకున్నదే చెల్లుతుంది. కనుక అద్దె కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు హాలు వెడల్పే కాకుండా వంటింటి గొట్టాల సంగతి కూడా చదవండి. ఇంకొక మాట. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఈ పలకలు తేలిగ్గా ఊడవు. ఊడినా జిగురు బండకే వుండిపోతుంది. "నా నేల పాడుచేశారు" అని అడ్వాన్సులో కోసుకుంటే అప్పుడేం చెబుతారు? అంటించే ముందే అనుమతి రాయించుకోండి.

"మగవాళ్ళ మీద ఆధారపడకుండా ఆడవాళ్ళం మన చేతులతో మనమే వేసుకునే పని గదా, దాన్ని ఎందుకు ఆడిపోసుకుంటారు?" అంటారు ఇంకొందరు, ముఖ్యంగా ఈ కాలపు అమ్మాయిలు. ఈ మాట అన్నవాళ్ళకి నేను లేచి నిలబడి నమస్కారం పెడతాను. సుత్తి పట్టుకోవడం, కొలత వేయడం మగవాళ్ళ సొత్తేమీ కాదు. కానీ అమ్మాయ్, ఆ పనిలో నీకు సగమే చూపించారు. కాగితం ఊడదీసి అంటించడం పనిలో ఆఖరి ముక్క. అంతకు ముందున్న ముక్కలే అసలు పని. అవి ఎవరూ చూపించలేదు, ఎందుకంటే వాటిలో అందం లేదు, వీణ వాయిద్యం లేదు.

"ఏదో కాస్త అందంగా వుంటే మీకేం బాధ? వంటింట్లో పడి చచ్చే మాకు ఆ మాత్రం సరదా వద్దా?" అంటారు మరికొందరు. వద్దని ఎవరన్నారు? అందం కావాలి, హక్కుగా కావాలి. నేననేది అందం దగ్గర ఆగిపోవద్దని. హాలుకి టైల్స్ వేసేటప్పుడు ఎవరూ స్టిక్కరు తేలేదు. పడకగదికి తేలేదు. చుట్టాలు వచ్చి కూచునే చోట అసలు సరుకు, ఇల్లాలు రోజుకి ఆరు గంటలు నిలబడే చోట నకిలీ సరుకా? ఆ లెక్క నాకు నచ్చలేదు.

పైగా మన ఇళ్ళల్లో చాలావాటికి ఆ పలకల కింద పడి వున్నదేమిటో తెలుసా? తాండూరు బండ. షాబాద్ బండ. రాయలసీమ వైపు బేతంచెర్ల బండ. నిజమైన రాయి. మన అమ్మమ్మలు దాని మీద కూచుని పచ్చళ్ళు నూరారు. వేసంగిలో చల్లగా వుంటుంది, వేడి గిన్నె దింపితే చలించదు. కళ తప్పిందంటారా? అవన్నీ సున్నపురాయి జాతి. చింతపండు రసం, నిమ్మరసం పడి ఆరితే తెల్లటి మచ్చ పడుతుంది. బాత్‌రూములు కడిగే యాసిడ్ పోస్తే మెరుపంతా తినేస్తుంది. మచ్చ పోవాలని మనమే యాసిడ్ పోసి, మెరుపు పోయిందని మనమే బండని తిట్టి, దాని మీద ప్లాస్టిక్కు కప్పుతాం! యాసిడ్ మానేసి, మెషీను తెప్పించి ఒకసారి పాలిష్ పట్టించండి. సందుల్లో పాత సిమెంటు గీకించి కొత్తది నింపించండి. ఎత్తుపల్లాలు పోతాయి, గాళ్ళు పూడతాయి, రాయి రంగు పైకి వస్తుంది. ఆ రంగు ఏ పెట్టెలోనూ అమ్మరు.

అయినా సరే, మాకు ఆ పలకలే కావాలి అంటారా? మీ వంటిల్లు పై అంతస్తులో వుంది, నేల మట్టంగా వుంది, చెమ్మ లేదు, నీళ్ళు గుమ్మరించే అలవాటు మానుకున్నారు, సిలిండరు బాల్కనీలో వుంది. అప్పుడు నాకు అభ్యంతరం లేదు. కానీ వేస్తే వేసినట్టు వేయండి. ఫోన్లో చూపించని సగం చెబుతాను.

మొదట చెమ్మ పరీక్ష. అడుగున్నర చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నేల మీద పరిచి నాలుగు పక్కలా టేపు వేసి గాలి దూరకుండా మూసేయండి. కనీసం 16 గంటలు వదిలేయండి. ఎత్తి చూస్తే కింద నీటి చెమట గాని, నేల నల్లబడటం గాని కనపడితే, ఆ నేల మీద పలకల ఆశ వదులుకోండి. భూమిలో చెమ్మ పైకి వస్తున్నదన్న మాట. దానికి మేస్త్రీయే మందు. కొత్తగా వేసిన సిమెంటు నేలైతే నెల తిరిగినంత మాత్రాన ఆరిపోయిందనుకోకండి. ఈ పరీక్షలో నెగ్గితేనే ముందుకు పోవాలి.

తర్వాత మట్టం. మేస్త్రీ దగ్గర వుండే మట్టపు కర్ర లాంటిది, తిన్నటిది, నేల మీద అన్ని దిక్కులా పెట్టి చూడండి. కర్ర కింద వెలుతురు కనపడినచోటల్లా పల్లం వుంది. సందులూ, పల్లాలూ పూడ్చే పూత కొట్లో దొరుకుతుంది. అది వేసి, పూర్తిగా ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తీసేయాలి. లొటలొటలాడే బండ వుంటే తీసి మళ్ళీ పాతించాల్సిందే. దానికి వేరే దారి లేదు.

ఆ తర్వాత జిడ్డు. సబ్బునీళ్ళతో ఒకసారి కాదు, రెండు మూడుసార్లు కడిగి, సబ్బు కూడా మిగలకుండా మంచినీళ్ళతో తుడిచి, ఒక రోజు ఆరబెట్టండి. సిమెంటు నేలైతే ప్రైమరు పూయాలి. లేకపోతే జిగురు పట్టుకునేది సిమెంటు పొడిని, నేలని కాదు. పలకల పెట్టె కూడా రెండు రోజుల ముందే ఆ గదిలో పెట్టండి. ఎండల్లో లారీలో కాగి వచ్చిన పలక వేడికి సాగి వుంటుంది. దాన్ని వెంటనే అంటిస్తే చల్లబడ్డాక కుంచించుకుని సందులు నోళ్ళు తెరుస్తాయి.

ఇప్పుడు దారం. ఎదురెదురు గోడల మధ్య బిందువులు గుర్తుపెట్టి, సుద్ద పూసిన దారం లాగి కొడితే నేల మీద గీత పడుతుంది. అడ్డంగా ఇంకో గీత. రెండూ కలిసేచోటు గది నడిబొడ్డు. గోడ దగ్గర నుంచి మొదలుపెట్టేవాళ్ళు అవతలి గోడకి చేరేసరికి వంకరపోతారు, ఎందుకంటే మన గోడలు ఏవీ తిన్నగా వుండవు. నడిమధ్య నుంచి మొదలుపెట్టి, ముందు కాగితం తీయకుండానే వరసలు పేర్చి చూసుకోండి. గోడ దగ్గర రెండంగుళాల పీలిక మిగిలేటట్టుంటే గీతని సగం పలక జరపండి. వెనక బాణం గుర్తులుంటే అన్నీ ఒక వైపుకే వుండాలి. నచ్చాకనే కాగితం తీయాలి. ఒక్కసారి అంటిందా, జరపడం కుదరదు. అంచుకి అంచు కలిపి మెల్లగా దింపి, మధ్య నుంచి బయటికి అప్పడాల కర్రతో మీ బరువంతా వేసి రుద్దండి. అప్పడాల కర్రకి ఇంతకన్నా గౌరవమైన పని ఇంకోటి లేదు. తలుపు గుమ్మం దగ్గరా, గొట్టాల దగ్గరా ముందు అట్టతో నమూనా కోసుకుని, ఆ కొలతకి పలక కోయండి. కొద్ది రోజులపాటు నేల మీద నీళ్ళు పడనీయకండి. ఆ తర్వాతైనా పిండిన తడిగుడ్డే. చెంబుతో నీళ్ళు గుమ్మరించే రోజులు అయిపోయినట్టే.

చదివారు గదా! ఇది మధ్యాహ్నం భోజనానికీ కాఫీకీ మధ్య అయ్యే పనేనా? నాలుగైదు రోజుల పని. ఆ నాలుగైదు రోజులూ వంట ఎక్కడ? ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు. హాల్లో స్టూలు మీద స్టవ్ పెట్టుకుని, సామానంతా మంచాల కింద దోపుకుని, మూడు పూటలా వండి పెడుతూ, మధ్య మధ్య మోకాళ్ళ మీద పాకుతూ అంటించేది ఎవరో, అయిపోయాక చుట్టాలకి "మేమే వేసుకున్నాం" అని చూపించేది ఎవరో మనకి తెలియంది కాదు. "మేమే" అన్నప్పుడు ఆ ఏకవచనం ఎలా బహువచనమైందని వ్యాకరణం పంతులుగార్ని అడగాలి.

కనుక నేను చెప్పొచ్చేదేమిటంటే, వంటింటి నేలకి ఒక వరస వుంది. ముందు కారే గొట్టం. తర్వాత నీళ్ళు పోయే వాటం. తర్వాత కదిలే బండ. తర్వాత సందులు. ఈ నాలుగూ అయ్యాక రంగు సంగతి, అప్పుడు మీ ఇష్టం వచ్చిన రంగు. ఆ వరస తప్పించి రంగు ముందు తెచ్చేవాళ్ళని, వాళ్ళు కట్టుకున్నవారే కానివ్వండి, ఇంటివారే కానివ్వండి, పెట్టె విప్పకుండానే వెనక్కి పంపండి. "చాలా బాగుంది, దీని కింద వేయడానికి నేల ఎప్పుడు తెస్తారు?" అని నవ్వుతూనే అడగండి. ఒక్క సంవత్సరం ఆ పెట్టె డబ్బు పక్కన పెట్టి దానికి ఇంకొంచెం కలిపితే, మేస్త్రీ రెండు రోజుల కూలీ వస్తుంది, సిమెంటు వస్తుంది, గొట్టం వస్తుంది.

ఇంత చెప్పినా ఇంట్లో ఎవరికీ నమ్మకం కలగకపోతే ఒక చిన్న ఉపాయం వుంది. వచ్చే ఆదివారం కాఫీ మీరు కలపకండి. ఆయన్నే వంటింట్లోకి పంపండి. చెప్పులు గుమ్మం బయట విడిచి, వట్టి కాళ్ళతో, తడి ఆరని నేల మీద, చేతిలో నిండు పాలగిన్నెతో, సింకు నుంచి స్టవ్ దాకా నాలుగడుగులు నడవమనండి. నేల బాగోగులు కళ్ళు చెప్పవు, కాళ్ళు చెబుతాయి. సాయంత్రానికి మేస్త్రీ ఫోన్ నంబరు ఆయనే వెతుకుతారు.